పళ్లు రాలిన దువ్వెన

మాకు రైలు లేదు.
బాలిక్చీ స్టేషన్లో పట్టాలున్నాయి,
పట్టాల మధ్య ఎండుగడ్డి ఉంది,
గడ్డి కొరికే గుర్రం ఒకటుంది.
చలికాలం కదా, రైలు రాదు.
వచ్చినా, దాన్ని వెనక్కి నడిపించి
ఇంకో టేక్ ఇమ్మని అడిగే మొహాలు కావు మావి.

కథలో మాత్రం మైరమ్‌గుల్ రైలెక్కాలి.
మొగుడికి చెప్పకుండా, చీకట్లో,
చేతిసంచీ ఒక్కటే పట్టుకుని
ఊరు దాటాలి.

కెమెరా పెళ్లిళ్ల తలాయ్‌బెక్‌ది.
శనివారం ఎవరిదో పెళ్లి,
శుక్రవారం చీకటిపడే లోపు తిరిగిచ్చేయాలి.
కార్డులో ఇంకా ఎవరో పెళ్లికూతురు
కేకు కోస్తూనే ఉంది.
చెరిపేయడానికి మనసొప్పక
ఆమె పక్కనే సర్దుకున్నాం.

జిల్డిజ్ మా దర్శకురాలు.
పగలు బడిలో లెక్కలు చెబుతుంది.
చూపించడానికి డబ్బుల్లేనిదాన్ని
అది తగిలిన చోట చూపించు, అంటుంది.
సరస్సు మీంచి వచ్చే గాలిని ఎవడు పట్టగలడు?
తీగ మీద గడ్డకట్టిన చొక్కా
చేతులు చాచి కొట్టుకోవడం చాలు.
మొగుడి వేషానికి మనిషి దొరకలేదు.
గుమ్మంలో బురద బూట్లు పెట్టించింది.
ముందు రోజు ముక్కులు వీధివైపు,
మర్నాడు ఇంట్లోకి.
చూసి నాకే గుండె జారింది,
అవి మా నాన్నవే అయినా.

రైలు పెట్టె అంటే ఉరుమ్‌కాన్ అవ్వ వంటగది.
కుర్చీ వెనక గోధుమరంగు కంబళి,
అట్టముక్క కోసిన కిటికీ.
బకెట్లో వేలు పెట్టి కదిపితే
పైకప్పు మీద సరస్సు.
బల్ల కింద పడుకుని మా తమ్ముడు
భుజంతో కుర్చీని కుదుపుతున్నాడు.
నా ఎడమచేతిలో టార్చి,
కుడిచేతిలో అవ్వ దువ్వెన.
అడ్డంగా లాగితే
ఆమె చెంప మీద వెలుగు, చీకటి, వెలుగు, చీకటి,
స్తంభాలు వెనక్కి పరిగెడుతున్నట్టు.

తొమ్మిది టేకులయ్యాయి.
టీ వడపోస్తూ అవ్వ అంది:
"ఇది రైలు కాదర్రా, కుట్టుమిషను."

ముప్పై ఒక్క ఏళ్లు ఆ స్టేషన్లో జెండా ఊపిన చెయ్యి అది.
"కదిలేటప్పుడు దానికి బద్ధకం.
గిడ్డంగి దాటాక ఊపిరి తీసుకుంటుంది.
వంతెన మీద గబగబా, గబగబా.
తర్వాత లోయ. అక్కడ ఏమీ ఉండదు, ఆపెయ్."
ఎన్నిసార్లు వెళ్లావవ్వా, అన్నాను.
"నేనెక్కితే జెండా ఎవరూపుతారు?
కంటితో చూసింది గిడ్డంగి దాకానే.
మిగతాదంతా చెవితో."

దువ్వెన లాక్కుంది.
వేళ్లు వణుకుతున్నాయి. వణకనీ, అంది జిల్డిజ్.
బద్ధకం. ఊపిరి.
గిడ్డంగి నీడ వంటగదిలోంచి నిదానంగా వెళ్లిపోయింది.
వంతెన వచ్చింది, మా తమ్ముడు చెప్పకుండానే వేగం పెంచాడు.
దువ్వెనకి రెండు పళ్లు ఎప్పుడో రాలిపోయాయి.
ఆ సందులోంచి వెలుగు
రెప్పపాటు ఎక్కువ ఆగింది.
మైరమ్‌గుల్ వెనక్కి తిరిగి చూసింది.

కథలో అలా రాయలేదు.
జిల్డిజ్ కట్ అనలేదు.
బ్యాటరీ ఎర్రగా మినుకుతున్నా
బకెట్లో నీళ్లు తేరుకునేదాకా
కెమెరా తిరుగుతూనే ఉంది.

మార్చిలో, బడి ఆటల గదిలో, దుప్పటి మీద బొమ్మ పడింది.
నా వెనక ఎవరో గుసగుసలాడారు,
రైలుకి ఎంత తగలేశారో పాపం, అని.
ముందు వరుసలో ఉరుమ్‌కాన్ అవ్వ
లోయ వచ్చేసరికి కుర్చీ పట్టుకుంది.
దీపాలు వెలిగాక తలగుడ్డ సర్దుకుంటూ,
అలవాటు లేని ప్రయాణం కదా,
కాస్త కళ్లు తిరుగుతున్నాయి,
మంచినీళ్లు తెమ్మంది.