పదకొండూ ఇరవై దాకా నీళ్లు

చీటీ ఆటుపోట్ల పట్టిక వెనకే రాశాను,
రెండూ ఒకేసారి చూసుకోవచ్చని.
గ్యాస్ బండ. మంచినీళ్లు, రెండు క్యాన్లు. ఉతుకు.
తెరచాప మూల, జాగో దగ్గర.
అన్నిటికన్నా పైన, కింద రెండు గీతలు కొట్టి: రబ్బరు చక్రం.

చక్రం అంటే చక్రమూ కాదు.
అరచేతిలో పట్టే నల్లటి రబ్బరు పువ్వు, ఆరు రెక్కలు,
ఇంజన్ చల్లబడేలా సముద్రాన్ని లోపలికి తోడేది.
నిన్న రాత్రి విప్పితే మూడే ఉన్నాయి.
తక్కిన మూడూ ఏ గొట్టంలో ఇరుక్కున్నాయోనని
రఘోత్తం తెల్లవారినుంచీ ఇంజన్ గదిలో తలకిందులుగా ఉన్నాడు.
వెళ్లొస్తానని కాళ్లకే చెప్పాను.

తెడ్లేసుకుంటూ వచ్చి పెన్‌రిన్ రేవు మెట్లకి
చిన్న పడవ కట్టేసరికి తొమ్మిదీ పది.
పదకొండూ ఇరవై తర్వాత ఇక్కడ ఏరుండదు,
మోకాలి లోతు బురద ఉంటుంది.
అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్న పెద్దలు
కార్న్‌వాల్ రేవుల్లో సరుకులు మోసి ఉండరు.

పడవ సామాన్ల కొట్లో మోర్వెన్నా
తెగిన పువ్వుని దీపం కింద తిప్పి తిప్పి చూసి
"ఇంజన్ ఏ సంవత్సరంది?" అంది.
నా పెళ్లికన్నా పాతది అన్నాను.
లోపలికెళ్లింది. డబ్బాలు కదిలిన చప్పుడు, చాలాసేపు.
ఆ చాలాసేపట్లో నీళ్లు రెండు మెట్లు దిగి ఉంటాయి.
దొరికింది. ఒక్కటే.
రసీదు మీద చిరునామా గడి దగ్గర కలం ఆగింది.
నేను నోరు తెరిచేలోపు తనే రాసేసింది: మార్జరీ.

అది పడవ పేరు.
మాకు ముందున్నాయనకి భార్యో, తల్లో, ఎవరో తెలీదు.
పేరు మారుద్దామనుకుని
రంగు డబ్బా ఖరీదు చూసి ఊరుకున్నాం.
ఇప్పుడు రేవంతా నన్నే అలా పిలుస్తుంది.
"మార్జరీ, నీ గ్యాస్ బండ ఇదిగో!"
బడి రిజిస్టర్లో వేదవల్లిగా ఉన్న నేను
చటుక్కున తిరిగి చూస్తాను.

లాండ్రీలో దుప్పట్లు తిరుగుతుంటే బెంచీ మీద కూర్చున్నాను.
నేల ఊగింది.
ఊగదని తెలుసు, అయినా ఊగింది.
ఆరు వారాలు నీళ్ల మీదున్న ఒంటికి
గట్టినేల మీదే అనుమానం.
బల్ల అంచు పట్టుకున్న నా చేతిని చూసి
ఎదురుగా ఉన్న ముసలాయన అడిగాడు,
"లంగరు ఎక్కడ వేశారు?"

జాగో మూడు వరసలు కుట్టాడు, మైనం పట్టించిన దారంతో.
తుఫాను వచ్చినా చాప చిరుగుతుంది గానీ ఆ కుట్టు విడదు.
డబ్బులు లెక్కపెట్టుకుని, ఇంకా నిలబడే ఉన్నాడు.
పోయినసారి ఇచ్చిన నిమ్మకాయ ఊరగాయ అయిపోయిందట,
జున్నుముక్క మీద రాసుకుని తిన్నాడట.

మెట్ల దగ్గరికొచ్చేసరికి పదకొండూ నలభై.
ఏరు వెళ్లిపోయింది.
చిన్న పడవ ఒక పక్కకి ఒరిగి, అలిగిన గేదెలా, బురదలో.
క్యాన్లు మెట్ల మీదే వదిలేశాను. నీళ్లనెవరు దొంగిలిస్తారు?
బండ ఎక్కించి, దుప్పట్ల మూట ఎక్కించి,
పువ్వు జాకెట్లో దోపుకుని
ఒడ్డునుంచి కాలువదాకా పడవనీడ్చాను.
ఎక్కడో మధ్యలో ఒక చెప్పు బురదకే ఇచ్చేశాను.

రఘోత్తం స్టీలు గ్లాసు చాపాడు.
అడుగున రెండు నల్లటి ముక్కలు.
"మూడోది?"
తల అడ్డంగా ఊపాడు.
కొత్తది బిగించి తాళం తిప్పాం.
వెనక గొట్టంలోంచి నీళ్లు దగ్గినట్టు వచ్చి, ఆగి, మళ్లీ వచ్చాయి.
ఇద్దరం వింటూ కూర్చున్నాం,
లోపల ఎక్కడో తిరుగుతున్న ఆ గోరంత ముక్క కోసం.

చీటీలో అన్నీ కొట్టేశాను, నీళ్లు తప్ప.
కింద కాస్త జాగా మిగిలితే రాశాను:
రబ్బరు పువ్వు, ఇంకొకటి.
ఊరగాయ, జాగోకి.
చెప్పు, కుడికాలిది.
రేపు పన్నెండూ పది దాకా నీళ్లు.