కఫీల్

కఫీల్ పోయిండని ఫోన్ల చెప్తే
మా ఇంటామె ఉలిక్కిపడ్డది.
"అయ్యో, మరి నీ వీసా?"

మా కఫీల్ పిల్లి.
మూడేండ్ల కింద మత్రా చేపల మార్కెట్ కాంచి
నా వెంబడి ఇస్త్రీ దుకాణం దాకా నడిచొచ్చి
వేడి తగ్గని దిశ్‌దాషాల దొంతి మీద
అడగకుండ ఎక్కి కూసున్నది.
పని మాది, కూసునుడు దానిది.
"ఇగో, వీడే మన కఫీల్" అన్నడు రాజలింగు.
అసలాయన్ను నేను చూసింది రెండే సార్లు.
ఈయన రోజు వచ్చేటోడు.

తెల్లబట్టల మీద బూడిదరంగు వెంట్రుకలు,
గిరాకీల తిట్లు,
వెంట్రుకలు ఏరుటానికి చేతికి తలకిందుల చుట్టుకున్న టేపు.
గిదంత ఒక కొలువు లెక్కనే ఉండె.

బేస్తవారం రాత్రి చేప తలకాయలు మూడు తిన్నది.
శుక్రారం పొద్దుగాల బల్ల కిందికెళ్లి రాలే.
మూతి కాడ చేప పెడితే
చేపను ముట్టలే, నా చెయ్యి నాకింది.
పక్కలు ఎగిసెగిసి పడుతున్నయి,
నీళ్లయిపోయిన ఇస్త్రీపెట్టె లెక్క
ఒట్టి ఆవిరి.

మురాద్ బలూచీ టాక్సీల గుబ్రా దాకా పోయినం.
మీటరు ఆపేసిండు, నేను అడగలే.
సూడాన్ డాక్టరమ్మ అడిగింది:
వయసెంత? తెలువది.
సూదులు ఇప్పిచ్చినారా? లేదు.
ఎన్నడన్న పడ్డదా, ఏమన్న మింగిందా?
తెలువదు మేడం, తెలువదు.
ఆమె తోక లేపి చూసి, కాయిదం మీద రాసుకుంట
"ఇది ఆడది" అన్నది.

మూడేండ్లు ఆయనా ఆయనా అన్నం.

అసర్ బాంగు ఇచ్చే యాళ్లకు
నా వేలి చుట్టూ ఉన్న పంజా వదులైంది.
డాక్టరమ్మ చేతులు కడుక్కుంట చెప్పింది:
కిడ్నీ కావచ్చు, విషం కావచ్చు,
పుట్టుకతోని గుండెల ఏదన్న ఉండొచ్చు.
కోసి చూస్తే తెలుస్తది. అరవై రియాళ్లు.
నా జీతం నూట ఇరవై.
వద్దన్న.
వెంటనే అన్న, అదే బాధ.
కొంచెం ఆగి అన్నా అయిపోవు.

మా రూముల కింది మంచం పోశన్న
మొన్న రంజాన్ల నిద్రపోయి లేవలే.
"గుండె ఆగింది" అని కాయిదం ఇచ్చిండ్రు.
ఆగిందని మాకూ ఎరుకే,
పొద్దున లేపింది నేనే.
ఎందుకాగిందో రాయటానికి
ఆ కాయిదంల జాగ లేకుండె.

వాదీ కబీర్ వెనక గుట్టల మన్ను లేదు, అంత రాయే.
బంగ్లా మేస్త్రి గడ్డపార ఇచ్చి
తానే రెండు పోట్లు ఏసిండు.
ఏడాదైనా ఎవలూ తీస్కపోని దిశ్‌దాషా ఒకటి ఉండె దుకాణంల.
దాన్ని మళ్లొకసారి ఇస్త్రీ చేసిన,
కాలర్, చేతులు, మడతలు, అన్ని,
అట్లనే అండ్ల చుట్టిన.

రాళ్లు పేర్చి ఇంటికొచ్చినంక యాదికొచ్చింది,
మెడకాడి నంబరు చీటి తియ్యలే.
నూట పన్నెండు.

ఎవలన్న గిప్పుడు ఆ రశీదు పట్టుకొని వస్తే?
"ఏమైంది నా బట్ట?" అంటడు.
బల్ల కిందికి చూస్త.
తెలువదు సార్ అంట.