ఇంటర్వెల్ దాకా

మా ఆయన ఏ సినిమా చూసినా ఒకటే తీర్పు.
"ఇంటర్వెల్ దాకా బాగుంది."
చూపు టీవీ మీద, వేళ్లు కొమ్ము దువ్వెన మీద.
మెరుగు పెడుతూనే అంటాడు, తలెత్తడు.
ఇల్లంతా అరిగిన కొమ్ము పొడి, కాలిన వెంట్రుకల్లాంటి వాసన.
ఆ వాసనలో కూర్చునే
ఎందరు హీరోల్ని పాస్ చేశామో, ఎందర్ని తప్పించామో.

పర్లాకిమిడిలో మా సందులో ఆదివారం మధ్యాహ్నం
కరెంటు ఉంటే సినిమా,
పోతే ఆ సినిమా మీద మాటలు.
ఇల్లుగలావిడ కుంతల అపా
పొఖాళ గిన్నెతో సహా వచ్చి గడప మీద చతికిలబడుతుంది.
ఆమెకి తెలుగు సగమే వచ్చు,
అభిప్రాయాలు మాత్రం నిండుగా వచ్చు.
"ఈ పిల్ల ఏడిస్తే ముక్కు ఎర్రబడదు. నేను నమ్మను."
ఆడపడుచు గున్నమ్మ ఏరు దాటి పాతపట్నం నుంచి వస్తుంది.
సీరియళ్లలో ఎప్పుడూ అత్తల పక్షం.
విషం కలిపిన అత్తని కూడా వెనకేసుకొస్తుంది,
"దానికి మాత్రం ఉండదేటి కడుపుమంట?"

నేను బొమ్మలో మూలలు చూస్తాను.
రెండొందల మందికి విందు పెట్టిన ఇంట్లో
అంట్లెవరు తోమారో ఏ సినిమా చూపించలేదు.
ఫైటింగులో బోర్లాపడిన టమాటాల బండివాడు
ఆ రాత్రి ఇంటికెళ్లి ఏం చెప్పుకున్నాడో.
"నువ్వు సినిమా సూడవు, లెక్కలు సూస్తావు"
అని నవ్వుతాడాయన.
నవ్వినా సరే, అడుగుతాడు.
పేర్లు పడుతుండగానే నా వైపు తిరిగి
"ఏటి, ఎలాగుంది?"

కుట్టు మిషను అమ్మేటప్పుడు అడగలేదు.
గుణుపురంలో చిన్నమ్మ పురిటికి వెళ్లి పదకొండు రోజులకి తిరిగొస్తే
నేల మీద నాలుగు కాళ్ల గుర్తులున్నాయి,
పక్కన నా బొత్తాల డబ్బా ఉంది.
"కొమ్ము సరుకు కొనాలి గదా" అన్నాడు.
సరే అన్నాను.
ఇప్పుడా గుర్తుల మీదే టీవీ స్టాండు.

ఆ ఆదివారం సినిమా పేరు తెలీదు,
మొదలు చూళ్లేదు.
హీరో పెళ్లాం గాజులు పట్టుకెళ్లి పందెం కాస్తాడు. గెలుస్తాడు.
రెండింతల గాజులు తెస్తాడు. వెంటనే పాట.
మంచు కొండల్లో చలైనా వెయ్యకుండా
ఆవిడ ఆ గాజులు గలగలలాడిస్తుంది.
గున్నమ్మ కళ్లొత్తుకుంది.
కుంతల అపా కూడా, ఈ పిల్ల ముక్కు కాస్త ఎర్రబడిందని ఒప్పుకుంది.

"ఏటి, ఎలాగుంది?"

"గెలవకపోయుంటే?" అన్నాను.
"గెలిసాడు గదా."
"ముందు అడిగుంటే ఆవిడే తీసిచ్చును.
అడగలేదు. ఆ తప్పుకి పాట పెట్టి కప్పేశారు."
మెరుగు పెట్టే చెయ్యి ఆగింది.
"సినిమా గురించే చెబుతున్నాను" అన్నాను,
ఎవరూ అడక్కపోయినా.

మహేంద్రగిరి వైపు నుంచి వాన దిగింది.
బొమ్మ గడులు గడులుగా విడిపోయి
హీరో చెవి ఒకచోట, గాజులు ఒకచోట నిలిచిపోయాయి.
"తవిటన్నా, గొడుగట్టుకో" అని గున్నమ్మ అరుస్తూనే ఉంది,
ఈయన డాబా ఎక్కేశాడు.
పైన గొడుగు డిష్షుకి తగిలిన చప్పుడు.

"వచ్చిందేటి?"
"లేదు."
"ఇప్పుడు?"
"లేదు."
చాలాసేపు వాన ఒక్కటే మాట్లాడింది.
తర్వాత పైనుంచి, మామూలు గొంతుతోనే,
"ఆడు ఇంటర్వెల్‌కి ముందే పాడుసేసాడే."

"కొణ కొహిలే?" అంది కుంతల అపా, ఏమన్నాడని.
ఆమె తెలుగుకంటే నా ఒడియా నయం.
అయినా తిప్పి చెప్పలేదు.
సిగ్నల్ గురించి అన్నాను.

"ఇప్పుడొచ్చిందేటి?"

తలెత్తి చూశాను.
బొమ్మ వచ్చింది, మాట ఇంకా రాలేదు.
అదే చెప్పాను.