మూడోనాటి చుక్క

సోమవారం వచ్చాడు క్రేంగ్,
రెండు దుప్పట్లలో పళ్ళు టకటకలాడుతుంటే
కూతురి భుజాన్ని ఊతకర్ర చేసుకొని.
వేలికొసన సూది గుచ్చాను.
గాజుపలక మీద ఒక చుక్క,
వడపోత కాగితం మీద ఇంకో చుక్క.
ఆరాక రంగు పోసి, నూనెబొట్టు వేసి
కటకం దించి చూస్తే
ఎవరి నగలపెట్టో బోర్లాపడ్డట్టు
అన్నీ ఉంగరాలే,
ఒక్కోదానికి ఒక్కో ఎర్రరాయి.

రెండొందల తెల్లకణాల మధ్య
ఎన్ని ఉంగరాలో లెక్కపెట్టడం నా ఉద్యోగం.
పదకొండేళ్ళుగా బొటనవేలి కింద
లెక్కమీట టక్కు టక్కు.
నిద్రలోనూ నా వేలు కదులుతుందని
మా ఆయన గోడవైపు తిరిగి పడుకుంటాడు.

మూడు రోజులు, మూడు మోతాదులు,
మూడూ నా ఎదుటే మింగాడు.
వాంతి కాలేదని చీటీలో రాశాను.
గురువారం పొద్దున ఇంకో చుక్క ఇవ్వాలి.
అప్పటికి ఉంగరం ఒక్కటీ ఉండకూడదు.
ఉంటే...
ఆ ఉంటేని మా ఆసుపత్రిలో ఎవరూ పూర్తిచెయ్యరు.

గురువారం మంచం ఖాళీ.
జ్వరం దిగింది, మనిషి అడవెక్కాడు.
"చోంగ్ కాయ కాసింది కదా" అంది కూతురు,
నాకే తెలియనట్టు.
ఆరేళ్ళకోసారి కాసే కాయ
నా చుక్క కోసం ఆగుతుందా?

జాడ తియ్యడమంటే
పటం మీద ఎర్రసూదులు గుచ్చడమని
వియంతియాన్‌లో అనుకుంటారు.
ఇక్కడ అది
పడవలో బండి ఎక్కించి సే కమాన్ దాటడం,
రబ్బరు తోటల చివర బండి పడేసి
అరిగిన చెప్పుల అచ్చుల వెంట నడవడం.
పాత యుద్ధం తవ్వి వదిలిన గుంటల్లో
తొలివాన నీళ్ళు.
ఆ నీళ్ళలో తోకలాడించే దోమపిల్లలు.

చెట్టు చిటారుకొమ్మన ఉన్నాడు.
"నీ మందు మంచిదమ్మా, చూడు!" అంటూ
ఒంటిచేత్తో వేలాడి చూపించాడు.
కిందికి దిగి, చెమట తుడుచుకుని,
పసివాడిలా మొహం పక్కకి తిప్పుకుని
వేలు ఇచ్చాడు.
బదులుగా నా జేబులో గుప్పెడు కాయలు పోశాడు.

రాత్రి జనరేటరు దగ్గుతుంటే
కటకం కింద ఏమీ లేదు.
ఏమీ లేదు.
ఇంకా జరిపాను, ఏమీ లేదు.
హమ్మయ్య అనబోతూ ఉన్నానా,
ఒక్కటి.
దాని పక్కనే మరొకటి.
మొత్తం ఏడు.
నా కళ్ళే తప్పయితే బాగుండునని
ముసలి ఖంఫేత్‌ను నిద్ర లేపాను.
చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడిచి
చాలాసేపు చూసి
"ఎనిమిది" అన్నాడు.

కాగితపు చుక్కలు కవరులో పెట్టి అంటించాను.
రాజధానిలో యంత్రం
ఆ క్రిమిని అక్షరం అక్షరంగా చదువుతుంది.
ఎక్కడో ఒక్క అక్షరం మారి ఉంటుంది,
పేరు పెట్టి పిలిచినా పలకనంతగా.
జవాబు వచ్చేలోగా
క్రేంగ్ మళ్ళీ ఆ గుంటల పక్కన ఊయల కట్టుకుంటాడు,
సరిహద్దు అవతలి కూలీలతో ఒకే పొయ్యి దగ్గర.

గ్లాసు నీళ్ళలో ఒక చోంగ్ కాయ వేసి
బల్ల మీదే తల వాల్చాను.
తెల్లారేసరికి
వేలిగోరంత కాయ
గోధుమరంగు గుజ్జై గ్లాసంతా నిండి
అంచు మీదికి ఉబ్బి ఉంది.
చక్కెర కలిపి సగం తాగాడు ఖంఫేత్.
నాకు గొంతు దిగలేదు.

ఫోను మోగుతోంది.
వాళ్ళకి అంకె కావాలి.
ఏడా,
ఎనిమిదా?