కొట్టివేత

లవంలో ఎక్స్ స్క్వేర్ మైనస్ నాలుగు,
హారంలో ఎక్స్ మైనస్ రెండు.
విడగొట్టి, పైనా కిందా ఒకటే ఉంటే
కొట్టేశాను.
సాపైన గీత మిగిలింది.

"రెండు దగ్గర ఎంత?" అన్నారు కూర్మినాయుడు మేష్టారు.
"నాలుగండి."
"కొట్టెయ్యకముందు?"

పొందూరులో దీపాలు పెట్టే వేళ.
వాలుగ చేప దవడ పక్కన పెట్టి
అమ్మ వడుకుతోంది.
నేను నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని
కింద సున్నా అయ్యే చోటు వెతుకుతున్నాను.

రాట్నం ఆగింది. నూలు తెగింది.
తడి వేలితో అతికి మళ్ళీ తిప్పింది.
కళ్ళు చికిలించినా నాకు
అతుకు కనపడలేదు.
"ఇదుగో, ఇక్కడే తెగింది గుంటా,"
బొటనవేలు ఆనించి చెప్పింది,
అటు చూడకుండానే.

గీత మీద, రెండు దగ్గర,
చిన్న ఖాళీ సున్న చుట్టాను,
పెన్సిలు మొన
లోపలికి జారకుండా.