నీలి మూత సీసాలు

నీరు పల్లమెరుగు.
పల్లాన ఎవరున్నారో ఎరగదు.

బార్లీ చేని కింద, నడుం లోతున
థోర్కిల్ తండ్రి పాతిన మట్టి గొట్టాలు
ఇంకా పారుతున్నాయి.
మూరెడేసి ముక్కలు, మూతికి మూతి ఆనించి
కోతలయ్యాక ఆరేళ్ళు ఒంగి పేర్చాడట.
చిత్తడిని ఎండగట్టినందుకు
జిల్లా వాళ్ళిచ్చిన ఇత్తడి బిళ్ళ
వంటింటి గోడకి, గుడ్ల బుట్ట పైన.

గొట్టం చివర నీళ్ళు తేటగా ఉంటాయి.
అదే చిక్కు.
దోసిలి పట్టాలనిపించేంత తేట.
చేను తినగా మిగిలిన ఎరువు
కంటికి ఆనకుండా అందులో కరిగి
ఫ్యోర్డు దాకా వెళ్ళిపోతుంది.
అక్కడ ఆగస్టులో సముద్రం పచ్చగా చిక్కబడి
పీతలు ఊపిరాడక ఒడ్డెక్కుతాయి.

నిరుడు, తన పొలంలో అన్నిటికన్నా పల్లపు చెక్క
థోర్కిల్ తనే చూపించాడు.
పొక్లెయిన్ వచ్చింది. మూడు మడుగులు, మధ్యన
మెరక కట్టలు, రెల్లు పిలకలు.
తండ్రి ఆరబెట్టిన చోటే కొడుకు తడి పెడుతుంటే
ఇంగెలీస్ ఆ బిళ్ళని
గోడవైపు తిప్పి తగిలించింది.

నాది సీసాల పని.
ప్రతి మంగళవారం
నీళ్ళొచ్చే చోట ఒకటి, పోయే చోట ఒకటి.
జనవరిలో రెండు అంకెలూ కవలల్లా ఉన్నాయి.
"ఇంతేనా?" అన్నాడు.
చలికి బురదలో పనివాళ్ళు ముడుచుకు పడుకున్నారు,
వానలేమో అప్పుడే ఎక్కువ, నీళ్ళు నిలబడలేదు
అని చెప్పాను.
నా మాట నాకే సాకులా వినిపించింది.

జూన్ చివర
పోయే సీసాలో సగానికి సగం లేదు.
"ఎక్కడికి పోయింది?"
గాలిలోకి, అన్నాను.
గాలందని బురదలో కంటికి కనబడని ప్రాణులు
నైట్రేటునే ఊపిరిగా పీల్చి
మిగిలింది పైకి వదిలేస్తాయి.
చాలాసేపు ఆకాశం చూశాడు.
"గాలిలోంచి తీసిందే కదయ్యా
ఫ్యాక్టరీ వాడు నాకు బస్తాల్లో అమ్మింది!"
నవ్వాడో, దగ్గాడో.

ఫాస్ఫరస్ మాత్రం ఎటూ పోదు.
అడుగున పేరుకుంటుంది. పదేళ్ళకో, పన్నెండేళ్ళకో
ఆ బురద తోడి మళ్ళీ చేలో వెయ్యాలి.
అప్పటికి తనకెన్నేళ్ళో
వేళ్ళమీద లెక్కపెడుతూ మధ్యలో ఆపేశాడు.

ఇవాళ మళ్ళీ మంగళవారం.
రెల్లు భుజం దాకా వచ్చింది.
కట్టమీద తీతువు అరుస్తోంది,
ఇక్కడెవరూ దానికి శకునం చూడరు.
నా చేతిలోంచి సీసా అందుకుని
థోర్కిల్ వెలుతురుకి పట్టాడు.
ఏమీ కనబడదని తెలుసు.
అయినా ఒక కన్ను మూసి మరీ
చూస్తున్నాడు.