ఒక్క అక్షరం

కుషిరో రేవు వెనక సందులో
ఆరు కుర్చీల బారు.
మైకుకి కూడా చేపల వాసనే.

కురొసాకి తాత పాడేది ఒకటే పాట,
నలభై ఏళ్ల కిందట
ఓడల్లో రేడియోలన్నీ ఏడ్చిన పాట.
రెండో చరణంలో "నన్ను మరచిపో" అని
తెర మీద రాసే ఉంటుంది.
ఆయన మాత్రం "మరచిపోకు" అంటాడు.

పీతలు ఉడికే గంగాళం పక్కన
వాళ్లావిడ హిసయో
అలాగే తప్పు పాడేదట.
ఆవిడ పోయాక
బారంతా ఆ తప్పే పట్టుకుంది.

మొన్న డిసెంబరు ఆఖరి రాత్రి
టీవీలో ఆ గాయని,
తెల్లజుట్టు, నీలం కిమోనో,
"మరచిపో" అంది, విడమరిచి.

ఎవరూ గ్లాసు ఎత్తలేదు.
"పాపం," అన్నాడు తాత,
"పెద్దదైపోయింది.
మాట మరచిపోయింది."